యాసిడ్ స్లరీకి బదులుగా సూక్ష్మజీవుల సర్ఫాక్టెంట్లు వాడవచ్చునా? విశాఖలోని ఒక చిన్న యూనిట్ యజమానికి సమాధానం

గాజువాక ప్రాంతంలో గిన్నెలు తోమే ద్రావణం, నేల తుడిచే ద్రావణం, ఫినాయిల్ తయారుచేసే ఒక చిన్న యూనిట్ యజమాని అడిగిన ప్రశ్న ఇది. పీపాల లెక్కన కొంటున్న యాసిడ్ స్లరీ, ఎస్‌ఎల్‌ఈఎస్ (సోడియం లారిల్ ఈథర్ సల్ఫేట్) పేస్టులకు బదులుగా, చక్కెర మిల్లు మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లని పాకం)తోనూ హోటళ్లలో వాడేసిన వంటనూనెతోనూ సూక్ష్మజీవులను పెంచి, అవి తయారుచేసే సర్ఫాక్టెంట్‌ను (జిడ్డును నీటిలో కలిపే పదార్థాన్ని) వాడవచ్చునా అని ఆయన అడిగారు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తిచేసిన ఆయన అమ్మాయి ఫిషింగ్ హార్బర్ బురద నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేసిందట. అది ఇందుకు పనికివస్తుందా, అసలు ఈ పని పర్యావరణానికి నిజంగా మేలు చేసేదేనా అన్నవి ఆయన మిగతా సందేహాలు. నేను ఇరవై రెండేళ్లు కిణ్వన (పులియబెట్టే) పరిశ్రమలో పనిచేశాను. అందులో తొమ్మిదేళ్లు ఈ సర్ఫాక్టెంట్ల మీదే గడిచాయి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు ఈ రంగంలోకి రావచ్చు, రావాలని నేను కోరుకుంటున్నాను కూడా. కానీ యాసిడ్ స్లరీ స్థానంలో కిలోకు కిలో చొప్పున దీనిని పెట్టే ఆలోచనతో వస్తే ఏడాది తిరగకముందే అప్పుల్లో పడతారు. హార్బర్ బురద నుంచి వచ్చిన బ్యాక్టీరియాను ఫెర్మెంటర్‌లోకి (సూక్ష్మజీవులను పెంచే తొట్టిలోకి) ఎక్కించవద్దు. పర్యావరణానికి మేలు జరుగుతుందా లేదా అన్నది సూక్ష్మజీవి చేతిలో లేదు. దానికి మీరు ఏమి తినిపిస్తారు, సరుకును ఎలా వేరుచేస్తారు, మిగిలిన నీటిని ఏమి చేస్తారు అన్న మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

కుంకుడుకాయ పులుసుతో తలంటుకున్న ఇంట్లో పుట్టినవారికి ఇందులో మూలసూత్రం కొత్త కాదు. నీటిని ఇష్టపడే తల, నూనెను ఇష్టపడే తోక ఒకే అణువులో ఉంటే ఆ అణువు నీటికీ నూనెకూ మధ్య సరిహద్దులో నిలబడి, నూనెను చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి నీటిలో తేలేటట్లు చేస్తుంది. కుంకుడులో ఆ పని సపోనిన్లు చేస్తాయి, యాసిడ్ స్లరీలో పెట్రోలియం నుంచి వచ్చిన ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం చేస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు, ఈస్టులు తమ చుట్టూ ఉన్న నూనెను ఆహారంగా అందుకోవడానికో, ఉపరితలాల మీద పాకడానికో, పోటీకి వచ్చిన జీవులను అడ్డుకోవడానికో ఇటువంటి అణువులను తామే తయారుచేసుకుంటాయి. వీటినే బయోసర్ఫాక్టెంట్లు అంటున్నాం. మామూలు నీటి తలతన్యత, అంటే నీటి ఉపరితలపు బిగువు, 25 డిగ్రీల వద్ద మీటరుకు 72 మిల్లీన్యూటన్లు ఉంటుంది. బాసిల్లస్ సబ్టిలిస్ తయారుచేసే సర్ఫాక్టిన్ దానిని సుమారు 27కు దించగలదు, అది కూడా లీటరు నీటిలో పదుల మిల్లీగ్రాములతోనే.

ఈ చివరి అంకెను చూసి చాలామంది మోసపోతారు. ప్రయోగశాలల్లో వాడే సోడియం డోడెసిల్ సల్ఫేట్ మిసెల్లు (అణువులు గుంపుగా చేరిన ఉండలు) ఏర్పరచడానికి లీటరుకు 2.3 గ్రాములు కావాలి, సర్ఫాక్టిన్‌కు 10 నుంచి 20 మిల్లీగ్రాములు చాలు. అందువల్ల వందవంతు సరుకుతో పని అయిపోతుందని లెక్క కడతారు. కడిగే పనిలో ఆ లెక్క నిలవదు. గిన్నెకు అంటిన నూనె ఎంత ఉందో దాని ఉపరితలాన్నంతా కప్పడానికి అన్ని అణువులు కావాలి, ఆ అవసరం మిసెల్ ఏర్పడే గాఢత ఎంత తక్కువైనా తగ్గదు. కొంత ఆదా ఉన్నమాట నిజమే, అది వందరెట్ల ఆదా మాత్రం కాదు.

పరిశ్రమకు దగ్గరగా వచ్చినవి ముఖ్యంగా మూడు కుటుంబాలు. సూడోమోనాస్ ఎరుజినోసా ఇచ్చే రామ్నోలిపిడ్లను 1940లలోనే గుర్తించారు. 1949లో వాటి నిర్మాణం తెలిసింది. స్టార్మెరెల్లా బాంబికోలా అనే ఈస్టు ఇచ్చే సోఫొరోలిపిడ్లు 1961లో వెలుగులోకి వచ్చాయి. ఈ ఈస్టును పాత పుస్తకాల్లో కాండిడా బాంబికోలా అనీ, అంతకుముందు టొరులాప్సిస్ అనీ రాసి ఉంటుంది. మీ అమ్మాయి పాత పరిశోధన పత్రాలు వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ గుర్తుంచుకోవాలి. సర్ఫాక్టిన్‌ను జపాన్ శాస్త్రజ్ఞులు 1968లో వేరుచేశారు. ఏడు అమైనో ఆమ్లాల వలయానికి ఒక కొవ్వు ఆమ్లపు తోక అతుక్కుని ఉండే అణువు అది. ఇవి కాక ఎసినెటోబాక్టర్ నుంచి వచ్చే ఎమల్సాన్ వంటి భారీ అణువులు కూడా ఉన్నాయి. అవి తలతన్యతను పెద్దగా తగ్గించవు కానీ, ఒకసారి విడగొట్టిన నూనె బిందువులు మళ్లీ కలిసిపోకుండా గట్టిగా పట్టుకుంటాయి. తలతన్యత తగ్గించడం ఒక గుణం, ఎమల్షన్‌ను (నూనె బిందువులు నీటిలో చెదిరి ఉన్న మిశ్రమాన్ని) నిలబెట్టడం మరొక గుణం అన్న సంగతి ఇక్కడే బోధపడుతుంది. పరీక్షల దగ్గర దీని అవసరం మళ్లీ వస్తుంది.

ఇప్పుడు మీ అమ్మాయి వేరుచేసిన బ్యాక్టీరియా సంగతి. మరపడవల డీజిల్, బిల్జ్ నీరు (పడవ అడుగున చేరే మురికి నీరు) ఏళ్ల తరబడి ఇంకిన బురదను నూనె కలిపిన మాధ్యమంలో (సూక్ష్మజీవుల ఆహార ద్రావణంలో) పెంచితే, నురుగు బాగా ఇస్తూ పచ్చని రంగు విడిచే బ్యాక్టీరియా దొరకడం సర్వసాధారణం. అది చాలాసార్లు సూడోమోనాస్ ఎరుజినోసాయే అవుతుంది. రామ్నోలిపిడ్లు ఇవ్వడంలో దానికి సాటి లేదు. అయితే కాలిన గాయాలున్నవారికి, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి అది ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్ కలిగించగలదు, అనేక యాంటీబయాటిక్‌లకు లొంగదు. అటువంటి జీవిని కొన్ని వందల లీటర్లు పెంచి, దాని నురుగు తుంపరలు గాలిలో కలిసే షెడ్డులో మీరూ మీ పనివారూ తిరగడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. ఈ కారణంగానే ఎవోనిక్ సంస్థ రామ్నోలిపిడ్ తయారీకి సంబంధించిన జన్యువులను హాని చేయని సూడోమోనాస్ పుటిడాలోకి మార్చుకుని, చక్కెర ఆధారంగా స్లొవేకియాలో కట్టిన కర్మాగారాన్ని 2024లో ప్రారంభించింది. అంత పరిశోధన, అంత పెట్టుబడి మనవల్ల అయ్యే పని కాదు. అమ్మాయి శ్రమ వృథా కాలేదు. ఆ జీవి ఏదో 16ఎస్ జన్యు పరీక్షతో నిర్ధారించుకుని, ప్రయోగశాలలో అధ్యయనానికి భద్రంగా ఉంచుకోమనండి. ముందు ముందు దాని మీద పేటెంటు కోరదలిస్తే, మన దేశపు జీవ వనరు కాబట్టి 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతో వ్యవహారం ఉంటుందని కూడా ఇప్పుడే తెలుసుకుని ఉండాలి.

మీకు తగినది ఈస్టు. స్టార్మెరెల్లా బాంబికోలా మనుషులకు జబ్బు చేయదు. దీనిని సూక్ష్మజీవుల నిల్వ కేంద్రాలైన చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి గానీ పుణెలోని ఎన్‌సీఐఎం నుంచి గానీ కొనవచ్చు. పీహెచ్ మూడున్నర దగ్గర హాయిగా పనిచేస్తుంది కాబట్టి, పరాయి బ్యాక్టీరియా చొరబడి బ్యాచ్ పాడయ్యే ప్రమాదం బాగా తగ్గుతుంది. శుభ్రత విషయంలో ఫార్మా కంపెనీల స్థాయి ఏర్పాట్లు చేసుకోలేని చిన్న యూనిట్‌కు ఇది చిన్న వరం కాదు. దిగుబడిలో కూడా దీనిదే పైచేయి. బాసిల్లస్ సర్ఫాక్టిన్ మామూలుగా లీటరుకు కొద్ది గ్రాములు మించదు, రామ్నోలిపిడ్లు బాగా నడిపితే పదుల గ్రాములు వస్తాయి. సోఫొరోలిపిడ్లు మాత్రం చక్కెర, నూనె రెండూ క్రమంగా అందిస్తూ పోతే లీటరుకు 200 గ్రాములు దాటిన సందర్భాలు అనేకం ఉన్నాయి. మొదట నత్రజని అందేటంతవరకు ఈస్టు తన సంఖ్యను పెంచుకుంటుంది. నత్రజని అయిపోయి, చక్కెర, నూనె మిగిలి ఉన్న దశలో సోఫొరోలిపిడ్ తయారీకి దిగుతుంది. ఈ మలుపును పట్టుకోవడమే ఈ పనిలోని నైపుణ్యమంతా.

మొలాసిస్, వాడేసిన నూనె గురించి ఎక్కువ రాయాలి, ఎందుకంటే మీ ప్రణాళిక అంతా వాటి మీదే నిలబడి ఉంది. మొలాసిస్‌లో బరువులో దాదాపు సగం చక్కెరలే, ఈ ఈస్టు వాటిని వాడుకోగలదు. కానీ దానితోపాటు బూడిద, లోహ లవణాలు, ముదురు గోధుమ రంగు వస్తాయి. పైగా మొలాసిస్‌లో ఉండే నత్రజని పదార్థాల వల్ల నేను పైన చెప్పిన మలుపు ఎప్పుడు వస్తుందో ఊహించడం కష్టమవుతుంది. ఒక లాట్‌కు నలభై గంటలకు వస్తే, ఇంకో లాట్‌కు అరవై గంటలు దాటుతుంది. గిన్నెలు తోమే ద్రావణం నిమ్మపండు రంగులో ఉండాలని కోరుకునే కొనుగోలుదారుకు ఆ గోధుమ రంగు అంటగట్టలేరు. అందువల్ల ఈస్టు సంఖ్య పెరిగే దశకు పలుచన చేసి వడగట్టిన మొలాసిస్, సర్ఫాక్టెంట్ తయారయ్యే దశకు గ్లూకోజ్ సిరప్ వాడమని నా సలహా. అనకాపల్లి మార్కెట్లో నిల్వకు పాడై, తినడానికి అమ్ముడుపోని బెల్లం దొరికితే అది మొలాసిస్ కన్నా మేలు, ఎందుకంటే అందులో చక్కెర శాతం ఎక్కువ, బూడిద తక్కువ. అయితే ఆ బెల్లాన్ని తెల్లబరచడానికి హైడ్రోస్ ఎంత వాడారన్నది ముందుగా విచారించుకోవాలి. అందులోని సల్ఫైట్ ఎక్కువైతే ఈస్టుకు ఇబ్బంది.

నూనె విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఈ ఈస్టు కొవ్వు ఆమ్లపు గొలుసును విరగ్గొట్టకుండా దాని చివర ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చి, దానికి సోఫొరోస్ అనే చక్కెర జంటను తగిలిస్తుంది. ఆ గొలుసులో 16 లేదా 18 కార్బన్లు ఉంటేనే ఈ పని సాఫీగా సాగుతుంది, ఓలిక్ ఆమ్లమైతే మరీ శ్రేష్ఠం. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వంటి పొట్టి గొలుసులను ఇస్తే ఈస్టు వాటిని తిని అరిగించుకుంటుందే తప్ప మనకు సరుకుగా ఇవ్వదు. బీచ్ రోడ్డులో బజ్జీలు, పునుగులు వేసే బండ్ల దగ్గర నుంచి వచ్చేది చాలావరకు పామాయిల్. అందులో ఓలిక్ ఆమ్లం దాదాపు 40 శాతం, పామిటిక్ ఆమ్లం దాదాపు 44 శాతం ఉంటాయి కాబట్టి గొలుసు పొడవు వరకు పర్వాలేదు. చిక్కంతా పదే పదే కాగడం వల్ల ఏర్పడిన పెరాక్సైడ్‌లతోనూ జిగురు పదార్థాలతోనూ వస్తుంది. మొత్తం పోలార్ పదార్థాలు (నూనె పదే పదే కాగినప్పుడు పెరిగేవి) 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన పెట్టింది. అటువంటి నూనెను సేకరించి బయోడీజిల్ వంటి వాటికి మళ్లించే కార్యక్రమాన్ని 2018లో మొదలుపెట్టింది. అంటే ఈ నూనె కోసం బయోడీజిల్ తయారీదారులు మీకన్నా ముందే వరుసలో ఉన్నారు, ఇది ఉచితంగా దొరికే చెత్త అనుకోవద్దు. ఒకే పెద్ద హోటల్‌తోనో, ఒకే క్యాంటీన్‌తోనో ఒప్పందం చేసుకుని, ప్రతి డబ్బా ఆమ్ల విలువను (విడి కొవ్వు ఆమ్లాల కొలతను) కొలిచి తీసుకోవడం తప్ప సరుకు నాణ్యతను నిలబెట్టే దారి నాకు కనిపించలేదు.

పరీక్షల విషయంలో కొత్తవారు చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. వాడేసిన నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉంటాయి. మాధ్యమం పీహెచ్ ఎనిమిది దగ్గరకు వస్తే వాటిలో కొంత సబ్బుగా మారిపోతుంది, ఆ సబ్బే తలతన్యతను తగ్గించి నురుగునూ ఇస్తుంది. ఏ సూక్ష్మజీవీ లేకుండానే పరీక్ష 'పాజిటివ్' వస్తుందన్నమాట. కాబట్టి జీవిని వేయని అదే మాధ్యమాన్ని, అదే ఉష్ణోగ్రత వద్ద, అన్ని గంటలూ ఊపి ఉంచి, దానితో పోల్చి చూడనిదే ఏ ఫలితాన్నీ నమ్మవద్దు. పారాఫిల్మ్ (మైనపు పొర) మీద చుక్క వేసి అది చదునుగా పరుచుకుంటుందా లేదా చూడటం, పళ్లెంలో నీటి మీద తేలే ముడి చమురు పొర ఎంత మేర తొలగిపోతుందో చూడటం చౌకైన మంచి పరీక్షలు. కిరోసిన్‌తో కలిపి రెండు నిమిషాలు బలంగా గిలక్కొట్టి 24 గంటల తర్వాత ఎమల్షన్ పొర ఎత్తు కొలవడం కూడా చేయవచ్చు కానీ, పైన చెప్పినట్లు అది ఎమల్షన్ స్థిరత్వాన్ని చెబుతుంది, తలతన్యతను చెప్పదు. ఉంగరంతో కొలిచే టెన్షియోమీటర్ మీరు కొనలేకపోతే ఏదైనా విశ్వవిద్యాలయపు కెమిస్ట్రీ విభాగంలో రుసుము చెల్లించి కొలిపించుకోండి. రక్తపు అగార్ (రక్తం కలిపిన జెల్లీ) మీద ఎర్ర రక్తకణాలు కరిగిన వలయం కనిపిస్తే సర్ఫాక్టెంట్ ఉన్నట్లేనని పాఠాల్లో చెబుతారు. దానిని ఒంటరిగా ఎప్పుడూ నమ్మకండి.

నురుగు గురించి నా అనుభవం ఒకటి ఉంది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక యూనిట్‌లో 300 లీటర్ల ఫెర్మెంటర్‌లో బాసిల్లస్ సబ్టిలిస్‌తో సర్ఫాక్టిన్ తీస్తున్నాం. పద్నాలుగో గంటకు నురుగు తొట్టి నిండి, బయటకు పోయే గాలి గొట్టంలోకి ఎక్కి, ఫిల్టర్‌ను తడిపి మూసేసింది. లోపల పీడనం పెరుగుతుంటే నేను కంగారుపడి సిలికోన్ యాంటీఫోమ్‌ను లెక్కకు మించి పోశాను. నురుగు అణిగింది, బ్యాచ్ నిలిచింది అనుకున్నాం. మరునాడు ద్రావణాన్ని ఆమ్లంతో పీహెచ్ రెండుకు దించి సర్ఫాక్టిన్‌ను అవక్షేపంగా దించినప్పుడు ఆ సిలికోన్ కూడా దానితోపాటే దిగింది, ఆ సరుకు దేనికీ పనికిరాకుండా పోయింది. నాలుగు రోజుల పని, ఆవిరి, కరెంటు అన్నీ మురుగునీటి తొట్టిలో కలిశాయి. తర్వాత నురుగును అణచడం మానేసి, దానిని ఒక పక్క పాత్రలోకి వెళ్లనిచ్చి అక్కడ దానంతట అదే విరిగి ద్రవంగా మారేటట్లు ఏర్పాటు చేశాం. సర్ఫాక్టిన్ అణువులు గాలి బుడగల అంచునే చేరతాయి కాబట్టి, ఆ ద్రవంలో దాని గాఢత ఫెర్మెంటర్‌లో కన్నా చాలా రెట్లు ఎక్కువగా వచ్చింది. మమ్మల్ని బాధపెట్టిన గుణమే సరుకును వేరుచేసే పద్ధతి అయింది. అయినా కొన్ని కణాలు, కొంత మాధ్యమం కూడా నురుగుతో కొట్టుకుపోయేవి, వాటిని సరిచేయడానికి మరో ఏడాది పట్టింది.

సోఫొరోలిపిడ్‌తో ఈ బాధ చాలా తక్కువ. అది అంతగా నురగెత్తదు. తయారైన సరుకు తేనె వంటి గోధుమ రంగు చిక్కని ద్రవంగా మారి, కలిపే మరను ఆపితే కొద్ది గంటల్లో అడుగున పేరుకుంటుంది. పరిశోధన పత్రాలలో ఇథైల్ ఎసిటేట్, హెక్సేన్‌లతో తీసినట్లు రాసి ఉంటుంది. ప్రయోగశాలకు అది సరే కానీ, మీ షెడ్డులోకి అటువంటి మండే ద్రావకాలను తీసుకురాకండి. నూనెను ఒక్కసారిగా పోయకుండా, ఈస్టు వాడుకునే వేగానికి తగినట్లు కొద్దికొద్దిగా అందిస్తే చివర్లో మిగిలే నూనె స్వల్పమవుతుంది. అడుగున చేరిన సరుకును తోడుకుని గోరువెచ్చని నీటితో ఒకటి రెండుసార్లు కడిగితే పరిశ్రమ వాడకానికి చాలినంత శుభ్రంగా ఉంటుంది. బయోసర్ఫాక్టెంట్ల ఖర్చులో సగానికి పైగా వేరుచేయడంలోనే పోతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. మీరు డబ్బు ఆదా చేయగలిగిన చోటు కూడా ఇదే.

ఒక స్థానిక ఇబ్బందిని మరచిపోకూడదు. ఈ ఈస్టుకు 25 నుంచి 30 డిగ్రీల వేడిమి కావాలి, ప్రాణవాయువు బాగా కావాలి. విశాఖలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు కుళాయి నీరే ముప్పై దాటి ఉంటుంది. ఫెర్మెంటర్‌ను చల్లబరచడానికి చిల్లర్ తప్పదు. గాలి కంప్రెసర్, చిల్లర్ కలిసి తినే కరెంటును మీ మొదటి లెక్కలోనే వేసుకోండి.

ఇక సరుకును ఎక్కడ వాడాలి? ఫినాయిల్‌లో వద్దు. సోఫొరోలిపిడ్‌లో వలయ రూపం ఒకటి ఉంటుంది. క్షార ద్రావణంలో దాని ఎస్టర్ బంధం తెగి రూపం మారిపోతుంది. పీహెచ్ ఎనిమిది దాటే ఏ ఉత్పత్తిలోనైనా ఇదే జరుగుతుంది. గిన్నెలు తోమే ద్రావణంలో వాడవచ్చు కానీ, నురుగు వస్తేనే శుభ్రమైనట్లని మన ఇళ్లలో బలమైన నమ్మకం ఉంది, ఇది నురుగు తక్కువ ఇచ్చే రకం. కాబట్టి ప్రస్తుతం వాడుతున్న ఎస్‌ఎల్‌ఈఎస్‌లో పదో వంతునో ఐదో వంతునో తగ్గించి ఆ స్థానంలో దీనిని చేర్చి, జిడ్డు వదిలే శక్తిని పోల్చి చూడండి. చేతి చర్మానికి అంతగా మంట పుట్టించదన్నది దీని నిజమైన బలం. రోజంతా గిన్నెలు తోమే ఆడవారి చేతులు చూసినవారికి అది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. నురుగు అక్కర్లేని యంత్రపు డిష్‌వాషర్లు, నేలను కడిగే యంత్రాల ద్రావణాలు, చేపలు, రొయ్యలు శుద్ధి చేసే ప్లాంట్లలో బల్లలు, ట్రేలు కడగడం వంటి చోట్ల ఇది చక్కగా ఇమిడిపోతుంది. జపాన్‌లో సరాయా సంస్థ సోఫొరోలిపిడ్‌ను మొదట యంత్రపు డిష్‌వాషర్ డిటర్జెంట్‌లోనే ప్రవేశపెట్టింది, కారణం ఈ నురుగు లేని గుణమే.

విశాఖకు ప్రత్యేకంగా కనిపించే అవకాశం చమురు మడ్డి. 1957 నుంచి ఇక్కడ రిఫైనరీ ఉంది, రేవు ఉంది, చమురు నిల్వ ట్యాంకులున్నాయి, నౌకల మరమ్మతు ఉంది. ట్యాంకుల అడుగున గడ్డకట్టే మడ్డిని తీయడానికి బయోసర్ఫాక్టెంట్‌ను శుద్ధి చేయనక్కరలేదు, కణాలు తీసేసిన పులియబెట్టిన ద్రవమే సరిపోతుంది. కువైట్‌లో 1990ల తొలినాళ్లలో ఇటువంటి ద్రవంతో ఒక నిల్వ ట్యాంకు మడ్డిని కడిగి, అందులో చిక్కుకున్న చమురులో 90 శాతానికి పైగా తిరిగి తీయగలిగారు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక చమురు ఒలికిన తర్వాత అలాస్కా తీరపు గులకరాళ్లను రామ్నోలిపిడ్‌తో కడిగి చూస్తే, ఉట్టి నీటితో పోల్చినప్పుడు రెండు మూడు రెట్ల చమురు వదిలింది. శుద్ధి ఖర్చు లేకపోవడం, తీసిన చమురుకు ధర ఉండటం, వాడేవారు పెద్ద సంస్థలు కావడం వల్ల ఇక్కడ లెక్క కుదురుతుంది. కానీ చమురు మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కిందకు వస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారే దానిని ముట్టుకోవాలి. మీరు ద్రవాన్ని అమ్మే సరఫరాదారుగా ఉండి, మడ్డి పనిని అనుమతి ఉన్న సంస్థకు వదిలేయండి.

ఒక హెచ్చరిక. ఫిషింగ్ హార్బర్ నీటిలో తేలే డీజిల్ పొర మీద ఈ ద్రవాన్ని చల్లి చూద్దామన్న కోరిక మీ అమ్మాయికి తప్పక కలుగుతుంది, ఆ వయసులో నాకూ కలిగింది. చేయవద్దు. సముద్రంలో చమురును చెదరగొట్టే పదార్థాలు వాడాలంటే కోస్ట్ గార్డ్ అనుమతి కావాలి, అందుకు కారణం ఉంది. చెదిరిన చమురు కంటికి కనబడకుండా నీటి లోతుకు దిగి చేప గుడ్లకు, పిల్లలకు మరింతగా తగులుతుంది. పైగా మీ ద్రవంలో మిగిలిన చక్కెర, ప్రోటీన్లు కదలిక లేని హార్బర్ నీటిలో ఆక్సిజన్‌ను హరిస్తాయి. ఆ నీటిని నమ్ముకున్న జాలరి కుటుంబాలకు మన ప్రయోగం భారం కాకూడదు.

మీ ఆఖరి ప్రశ్నకు వస్తాను. యాసిడ్ స్లరీ గాలి తగిలే నీటిలో బాగానే కుళ్లుతుంది. 1960లలో నదులను నురుగుతో నింపిన పాత కొమ్మల గొలుసు (సులువుగా కుళ్లని) డిటర్జెంట్లను తొలగించి దీనిని తెచ్చింది అందుకే. కానీ గాలి చొరని మురుగు బురదలో అది అలాగే ఉండిపోతుంది, జలచరాలకు హాని చేస్తుంది, మూలం పెట్రోలియం. ఎస్‌ఎల్‌ఈఎస్‌లో మొక్కల నుంచి వచ్చే భాగం చాలావరకు పామ్ గింజల నూనె. సోఫొరోలిపిడ్ త్వరగా కుళ్లుతుంది, జలచరాలకు హాని తక్కువ; ఈ రెండు విషయాల్లో దాని ఆధిక్యం స్పష్టం. కానీ దానిని కొత్త పామాయిల్‌తో, తినే చక్కెరతో, బొగ్గు కరెంటుతో నడిచే కంప్రెసర్‌తో తయారుచేసి, మిగిలిన ద్రవాన్ని శుద్ధి చేయకుండా గెడ్డలోకి వదిలితే, దానిని పర్యావరణహితం అని సీసా మీద ముద్రించే హక్కు మనకు లేదు. ఈస్టు కణాలు, మిగిలిన ద్రవం కలిపి బయోగ్యాస్ తొట్టికి పంపండి. దానికి ముందు సోఫొరోలిపిడ్‌ను వీలైనంత పూర్తిగా తీసేయాలి, లేకపోతే అది సూక్ష్మజీవులను అడ్డుకునే గుణంతో ఆ తొట్టిని కూడా మందగింపజేస్తుంది. వచ్చిన గ్యాస్ మీ బాయిలర్‌కు కొంతైనా ఉపయోగపడుతుంది.

కాబట్టి ఇప్పుడు చేయవలసింది చిన్నదే. కొత్త యంత్రాలేవీ కొనకండి. ఐదు లీటర్ల ఫెర్మెంటర్ ఉన్న ఏదైనా కళాశాలతో మాట్లాడి, అమ్మాయి చేత ఎంటీసీసీ ఈస్టుతో వరుసగా ఆరు బ్యాచ్‌లు చేయించండి: మొదటి రెండు గ్లూకోజ్, కొత్త పొద్దుతిరుగుడు నూనెలతో, తర్వాతి రెండు మొలాసిస్‌తో, చివరి రెండు మీరు ఒప్పందం చేసుకోబోయే హోటల్ నూనెతో. ప్రతి బ్యాచ్‌కూ వేసిన చక్కెర, నూనెల బరువు, తోడిన సరుకు బరువు, మిగిలిన నూనె, కాలిన కరెంటు యూనిట్లు, వాడిన నీరు ఒకే నోటు పుస్తకంలో రాయించండి. ఆఖరి రెండు బ్యాచ్‌ల దిగుబడి మొదటి రెండింటిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ఉంటే, ఆ అంకెలతో మళ్లీ నాకు రాయండి. వంద లీటర్ల తొట్టికి గాలి ఎంత కావాలో, చిల్లర్ ఎంత కావాలో కలిసి కూర్చుని లెక్క కడదాం.